ఇంజనీరింగ్ ఆప్షన్లు పెట్టేలోపు కాలేజీ చూసి రావడం ఎలా

ఇంటర్ సెకండియర్ పరీక్షలు పూర్తికాకముందే ఇంటికి ఫోన్లు మొదలవుతాయి. ఫలానా కాలేజీ నుంచండి, మీ బాబు ఎంపీసీయే కదండి, వచ్చే ఆదివారం మా క్యాంపస్‌లో ఓపెన్ డే పెట్టాం, రావులపాలెం సెంటర్లో బస్సు ఉంటుంది, భోజనాలు మా దగ్గరే, అమ్మగారిని కూడా తీసుకురండి అంటారు. మీరు ఊఁ అనేలోపు ఇంకో కాలేజీ లెక్చరర్లు ఇద్దరు బండేసుకుని గుమ్మంలోకి వచ్చేస్తారు. మన గోదావరి జిల్లాల్లో అమలాపురం, పాలకొల్లు, భీమవరం, తణుకు, ఎటు చూసినా ఏప్రిల్ నుంచి జూలై దాకా ఇదే సందడి.

వెళ్లొద్దని నేను చెప్పను. వెళ్లండి, భోంచేసి రండి. కానీ ఓపెన్ డే చూసి కాలేజీని ఖాయం చేసుకోకండి. మామూలు పనిరోజున, ఎవరికీ చెప్పకుండా ఇంకోసారి వెళ్లండి. ఆప్షన్లు, అంటే ఏ కాలేజీలో ఏ బ్రాంచి కావాలో కౌన్సెలింగ్‌లో ఆన్‌లైన్‌లో వరసగా ఇచ్చే జాబితా, మాత్రం మీ చేత్తో మీరే పెట్టుకోండి. ఈ రెండూ సరిగ్గా జరగాలంటే ఏం చేయాలో కింద వరసగా రాస్తున్నాను.

ముందు వాళ్ల లెక్క తెలుసుకోండి

మన రాష్ట్రంలో ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీ సీట్లలో 70 శాతం కన్వీనర్ కోటా, 30 శాతం మేనేజ్‌మెంట్ కోటా. కన్వీనర్ సీటు కాలేజీ ఇచ్చేది కాదు, ఏపీ ఈఏపీసెట్ అనే ప్రవేశ పరీక్ష ర్యాంకును బట్టి ఉన్నత విద్యామండలి తరఫున జరిగే కౌన్సెలింగ్‌లో వచ్చేది. అంటే ప్రిన్సిపాల్ గారు ఎంత ఆప్యాయంగా పలకరించినా ఆ 70 శాతంలో ఒక్క సీటు కూడా ఆయన చేతిలో లేదు. ఆయన చేయగలిగిందల్లా మీ పిల్లాడి ఆప్షన్లలో తమ కాలేజీ కోడ్ పైవరసలో పడేలా చూసుకోవడం. బస్సు, భోజనం, సంచీ, పెన్ను అన్నీ అందుకే. "సీటు బ్లాక్ చేసి ఉంచుతాం, కొంచెం అడ్వాన్స్ కట్టండి" అని ఎవరైనా అంటే అది మేనేజ్‌మెంట్ కోటా అయినా అయ్యుండాలి, మాయమాటైనా అయ్యుండాలి. మేనేజ్‌మెంట్ కోటాలో చేరితే ఫీజు రీయింబర్స్‌మెంట్, అంటే ప్రభుత్వం కట్టే ఫీజు, రాదు. ఆ సంగతి డబ్బు కట్టి రసీదు తెచ్చుకున్నాక తెలిసి తల పట్టుకున్న ఇళ్లు మన చుట్టూనే ఉన్నాయి.

ఇంకో సంగతి. 2024-25 నుంచి ఏఐసీటీఈ (కేంద్ర సాంకేతిక విద్యామండలి), బాగా నడుస్తున్న కాలేజీలకి ఒక్కో బ్రాంచిలో ఇన్ని సీట్లే ఉండాలన్న పరిమితి ఎత్తేసింది. దాంతో సీఎస్‌ఈ (కంప్యూటర్ సైన్స్), దానికి తోడు ఏఐ, డేటా సైన్స్ అంటూ సెక్షన్ల మీద సెక్షన్లు పెట్టేశారు, సివిల్, మెకానికల్ చాలాచోట్ల చిక్కిపోయాయి. పెట్టిన సీట్లు నిండాలి కదా, అందుకని లెక్చరర్లకి ఇంతమందిని తేవాలని టార్గెట్లు. మీ అరుగు మీద కూర్చున్న ఆ కుర్ర లెక్చరర్ క్లాసులో ఉండాల్సిన టైములో ఎండలో ఊళ్లు తిరుగుతున్నాడు, పాపం ఆయన్ని కసురుకోకండి, కాఫీ ఇచ్చి పంపండి. హాల్ టికెట్ నంబరు మాత్రం ఇవ్వకండి, దాంతో మీ ఆప్షన్లు వాళ్లే పెట్టేసే ప్రమాదం ఉంది.

ఫోన్లో చూసుకోగలిగినవి ముందే చూసేయండి

కాలేజీ వెబ్‌సైట్లో మ్యాండేటరీ డిస్‌క్లోజర్ అని ఒక ఫైలు ఉంటుంది. హోమ్ పేజీలో మెరిసే బొమ్మలు వదిలేసి, కిందకి పోయి దాన్ని తెరవండి. ఏ బ్రాంచికి ఎన్ని సీట్లు అనుమతి ఉంది, లెక్చరర్లు ఎంతమంది, వాళ్ల చదువేంటి, ఎప్పుడు చేరారు అన్నవి అందులో ఉండాలి. ఇరవై మంది విద్యార్థులకి ఒక టీచరు అన్నది ఏఐసీటీఈ లెక్క, కాబట్టి మీకు కావలసిన బ్రాంచిలో ఫస్టియర్ నుంచి ఫైనలియర్ దాకా ఉన్న విద్యార్థులందర్నీ కలిపి, లెక్చరర్ల సంఖ్యతో భాగించి చూసుకోండి. లిస్టులో సగం మంది నిరుడే చేరినట్టుంటే, పాతవాళ్లు ఎందుకు వెళ్లిపోయారో సీనియర్లని అడగాల్సిన ప్రశ్న ఒకటి దొరికినట్టే. ఆ ఫైలే లేకపోయినా, ఉండి నాలుగేళ్ల కిందటిదైనా, అది కూడా ఒక జవాబే.

న్యాక్, ఎన్‌బీఏ అనేవి కాలేజీల నాణ్యత చూసి గుర్తింపు ఇచ్చే జాతీయ సంస్థలు. న్యాక్ గ్రేడు కాలేజీ మొత్తానికి ఇస్తారు, ఎన్‌బీఏ గుర్తింపు ఒక్కో బ్రాంచికి విడిగా ఇస్తారు. గేటు మీద పెద్ద అక్షరాలతో ఏ ప్లస్ అని ఉన్నంత మాత్రాన మీ పిల్ల చేరబోయే బ్రాంచికి ఎన్‌బీఏ ఉందనుకోకండి. కొత్తగా పెట్టిన బ్రాంచికైతే రెండు బ్యాచ్‌లు బయటికొచ్చేదాకా ఉండే అవకాశమే లేదు. అటానమస్ అంటే సిలబస్, పరీక్ష పేపరు, దిద్దుడు అన్నీ కాలేజీవే, డిగ్రీ మీద మాత్రం అనుబంధ యూనివర్సిటీ పేరు ఉంటుంది, మన వైపు ఎక్కువగా కాకినాడ జేఎన్‌టీయూ.

అన్ని సీట్లకీ దారి ఈఏపీసెట్ కౌన్సెలింగ్ ఒక్కటే కాదు. తాడేపల్లిగూడెం ఎన్ఐటీలో సీటు జేఈఈ మెయిన్ ర్యాంకుతో జోసా అనే జాతీయ స్థాయి కౌన్సెలింగ్‌లో వస్తుంది, అందులో సగం సీట్లు మన రాష్ట్రం పిల్లలకే. బైపీసీ వాళ్లకి పక్కనే వెంకట్రామన్నగూడెంలో ఉద్యాన విశ్వవిద్యాలయం ఉంది, దాని కౌన్సెలింగ్ ఇంజనీరింగ్‌తో కలవదు, రైతు కోటా ఉంటుంది కాబట్టి భూమి కాగితాలు బయటికి తీసి పెట్టుకోండి. డిగ్రీ అనుకుంటే ఓఏఎండీసీ అనే ఆన్‌లైన్ పద్ధతిలో ఆప్షన్లు పెట్టాలి, రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీ, కాకినాడ పీఆర్ కాలేజీ లాంటి పాత ప్రభుత్వ కాలేజీల్ని తేలిగ్గా తీసేయకండి. యానాం పిల్లలకి దారి వేరు, పుదుచ్చేరి వాళ్ల సెంటాక్ అనే కౌన్సెలింగ్ ద్వారా వెళ్లాలి.

ఓపెన్ డే రోజు

అక్కడ మిమ్మల్ని ముందు ఏసీ సెమినార్ హాల్లో కూర్చోబెడతారు. డ్రోన్‌తో తీసిన వీడియో వేస్తారు, తర్వాత ఛైర్మన్ గారి మాట, తర్వాత ప్లేస్‌మెంట్ ఆఫీసరు. ఈ చివరాయన దగ్గర నిద్రపోకండి.

ఫ్లెక్సీ మీద ఉన్న అంకె పక్కన "ఆఫర్లు" అని ఉందా, "విద్యార్థులు" అని ఉందా, ముందు అది చూడండి. ఒకే అమ్మాయికి మూడు కంపెనీలు ఆఫర్ ఇస్తే ఆఫర్ల లెక్కలో ఆమె మూడుసార్లు ఉంటుంది. అన్నిటికంటే పెద్ద ప్యాకేజీ వచ్చిన కుర్రాడి ఫోటో నిలువెత్తున పెడతారు, సంతోషమే, కానీ మీ వాడు ఆ ఒక్కడే అవుతాడని లెక్కేసుకుని చేరలేం కదా. కాబట్టి మైకు మీకు ఇచ్చినప్పుడు ఇలా అడగండి: మేం అడిగే బ్రాంచిలో ఈ ఏడాది ఫైనలియర్‌లో మొత్తం ఎంతమంది ఉన్నారండి, అందులో ఎంతమంది చేతికి ఆఫర్ లెటర్ వచ్చింది, ఎంతమంది నిజంగా ఉద్యోగంలో చేరారు, అందరినీ జీతం ప్రకారం వరసగా నిలబెడితే మధ్యలో ఉన్నవాడి జీతం ఎంత. యావరేజ్ చెబితే ఒప్పుకోకండి, పైన ఇద్దరికి భారీ ప్యాకేజీ వస్తే యావరేజ్ దానంతటదే లేస్తుంది. లెక్కలున్న కాలేజీ వెంటనే చెబుతుంది. లేని కాలేజీ "మీరు ఆఫీసుకి రండి, విడిగా మాట్లాడదాం" అంటుంది.

మనకున్న చిక్కల్లా మొహమాటం. బస్సు వేసి తీసుకొచ్చారు, పీటేసి భోజనం పెట్టారు, చివర్లో పూతరేకు కూడా వేశారు, ఇంక పదిమందిలో లేచి ప్రశ్న అడగాలంటే నోరు రాదు. రొయ్య పిల్లకి రోగం ఉందో లేదో పీసీఆర్ టెస్టు చేయించకుండా చెరువులో వదలని మనిషి, నాలుగేళ్ల ఫీజు కట్టే చోట మాత్రం బ్రోచర్ తిరగేసి "ఆయ్, బాగానే ఉందండి" అనేస్తాడు. అందుకని ప్రశ్నలు కాగితం మీద రాసుకుని వెళ్లండి, భోజనానికి ముందే అడిగేయండి. హాస్టల్ సంగతులు అమ్మ అడిగితేనే బాగా రాబడుతుంది. బ్రాంచి సంగతులు పిల్లాడి చేతే అడిగించండి, చదివేది వాడు కదా.

వచ్చేటప్పుడు ఒక ఫారం ఇస్తారు. పేరు, ఊరు రాయండి చాలు. ఈఏపీసెట్ హాల్ టికెట్ నంబరు, పుట్టిన తేదీ, ఆధార్ జిరాక్సు అడిగితే "ఇంకా చేతికి రాలేదండి" అనేయండి. ఇది అబద్ధమే, కానీ చెప్పొచ్చు.

మామూలు రోజున మళ్లీ

ఓపెన్ డే ఆదివారం పెట్టడంలోనే కిటుకు ఉంది, ఆ రోజు క్లాసులు ఉండవు. మీరు సీనియర్లకి క్లాసులు జరిగే రోజు చూసుకుని వెళ్లండి, వీలైతే ఆ కాలేజీ బస్సు మీ ఊరి మీదుగా ఎన్నింటికి వెళ్తుందో కనుక్కుని ఆర్టీసీ బస్సులో దాని వెనకే వెళ్లండి. రాజోలు వైపు నుంచి కాకినాడ వెళ్లి వచ్చే పిల్లలు రోజులో నాలుగు గంటలు సీట్లోనే గడుపుతారు, అది నాలుగేళ్లు భరించగలరో లేదో ఒక్కసారి కూర్చుంటే తెలుస్తుంది. సఖినేటిపల్లి నుంచి పంటు ఎక్కి గోదావరి దాటి నరసాపురం వైపు వెళ్దామనుకునే వాళ్లు, వరదొచ్చి పంటు ఆపేస్తే చించినాడ వంతెన మీదుగా చుట్టు తిరగాలన్నది కూడా లెక్కలో వేసుకోండి.

గేటు దగ్గర సెక్యూరిటీ అతనికి అడ్మిషన్ కోసం చూడటానికి వచ్చామని ఉన్నమాటే చెప్పండి, లోపలికి పంపకపోవడం అరుదు. వాళ్లు ఎవరినో తోడిచ్చి మళ్లీ సెమినార్ హాలు వైపే నడిపిస్తే, కొంచెం చూసి, మంచినీళ్లకని క్యాంటీన్ వైపు మళ్లండి.

ల్యాబుల్లో కంప్యూటర్లు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టక్కర్లేదు, కీబోర్డులు చూడండి. అక్షరాలు అరిగిపోయి, ఒకటో రెండో మీటలు ఊడి ఉంటే అక్కడ పిల్లలు పని చేస్తున్నట్టు. అట్టపెట్టె వాసన ఇంకా పోకుండా, ప్లాస్టిక్ కవరు అలాగే ఉంటే తనిఖీ కోసం తెచ్చి పెట్టినవని అనుమానించొచ్చు. లైబ్రరీలో మీ బ్రాంచి పుస్తకం ఒకటి తీసి వెనక అట్ట దగ్గర తేదీల చీటీ చూడండి. నోటీసు బోర్డు దగ్గర మాత్రం తప్పకుండా ఆగండి: అటెండెన్స్ తగ్గినవాళ్ల జాబితా, పరీక్ష ఫీజు గడువు, సబ్జెక్టులు మిగిలిపోయినవాళ్ల రిజల్ట్స్, బ్రోచర్లో ఉండనివన్నీ అక్కడ ఉంటాయి. 75 శాతం హాజరు ఉండాలి, 65కీ 75కీ మధ్య ఉంటే ఆ తక్కువని మన్నించడానికి కండోనేషన్ ఫీజు కట్టాలి. ఆ జాబితా మరీ పొడుగ్గా ఉంటే పిల్లలు క్లాసులకి ఎందుకు రావట్లేదో కనుక్కోవాలి.

అమ్మాయిని చేర్చేవాళ్లు క్లాసుల బ్లాకులో బాత్రూమ్‌లు చూడండి, ఆఫీసు పక్కన ఉన్నవి కాదు. హాస్టల్లో తాగే నీళ్లు ఎక్కడివో అడగండి. సముద్రం దగ్గరి ఊళ్లలో బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయని మనకి ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇక సీనియర్లు. మధ్యాహ్నం క్యాంటీన్ దగ్గర సెకండియర్, థర్డియర్ పిల్లలు దొరుకుతారు. ఓపెన్ డే రోజు బ్లేజర్లు వేసుకుని దారి చూపించిన పిల్లలు వేరు, వీళ్లు వేరు. మీ వాణ్ని పంపి "అన్నా, మాది ముమ్మిడివరం, ఇక్కడ పెడదామనుకుంటున్నా" అని మొదలెట్టమనండి, మీరు కొంచెం దూరంగా ఉండండి. పెద్దవాళ్లు పక్కనుంటే వాళ్లు కూడా "బానే ఉంటదండి" అనేస్తారు. అడగాల్సినవి: ఒక సెమిస్టర్‌లో సారు ఎన్నిసార్లు మారారు, ల్యాబు నిజంగా చేయిస్తారా రికార్డు రాయించి వదిలేస్తారా, కోడింగ్ ఎవరు నేర్పుతారు, బయటివాళ్లొచ్చి చెప్పే ట్రైనింగ్‌కి విడిగా ఎంత తీసుకున్నారు, గవర్నమెంటు ఇచ్చే రీయింబర్స్‌మెంట్ ఫీజు ఆలస్యమైతే పరీక్షల ముందు ఏం చేస్తారు. చివరి ప్రశ్నకి జవాబు ఆఫీసులో ఒకలా, క్యాంటీన్‌లో ఇంకోలా వస్తే క్యాంటీన్ జవాబే నమ్మండి.

డబ్బు సంగతి

కన్వీనర్ సీటుకి ట్యూషన్ ఫీజు ఎంతన్నది ప్రభుత్వం నిర్ణయిస్తుంది, అలాట్‌మెంట్ ఆర్డర్‌లో కనిపిస్తుంది. జేబుకి చిల్లు పడేది మిగతా పేర్లతో: స్పెషల్ ఫీజు, సీఆర్‌టీ అని ట్రైనింగ్ ఫీజు, యూనిఫాం, బస్సు, హాస్టల్, ల్యాప్‌టాప్ తప్పనిసరి అంటే అది కూడా. నాలుగేళ్లకీ కలిపి ఏ ఏడాది ఎంతో ఒక కాగితం మీద రాసిమ్మని అడగండి. రాసివ్వమంటే "ఎందుకండి, మనం మనం" అంటారు. రాసిస్తేనే మనం మనం.

సర్టిఫికెట్లు జూన్‌లోపు

టెన్త్ మార్కుల జాబితా, ఇంటర్ మెమో, ఆరు నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు, టీసీ, కులధృవీకరణ, ఆదాయ ధృవీకరణ లేదా రేషన్ కార్డు, ఈఏపీసెట్ హాల్ టికెట్, ర్యాంకు కార్డు, ఆధార్. ఈడబ్ల్యూఎస్ (ఓసీల్లో ఆర్థికంగా వెనకబడినవాళ్ల) కోటా వాడుకునేవాళ్లు పాత సర్టిఫికెట్ పనికొస్తుందనుకోకండి, కొత్త ఆర్థిక సంవత్సరానిది కావాలి, ఏప్రిల్ దాటాక సచివాలయంలో పెట్టుకోండి. టెన్త్ మెమోలో ఇంటిపేరు పూర్తిగా, ఆధార్‌లో ఒక్క అక్షరమే ఉన్న పిల్లలు బోలెడంత మంది, అది ఇప్పుడే సరిచేయించండి. ఇంటర్ హైదరాబాద్‌లో చదివించిన వాళ్లు స్థానికత సంగతి ముందే చూసుకోవాలి, 85 శాతం సీట్లు లోకల్ వాళ్లవి, అది తేల్చేది స్టడీ సర్టిఫికెట్లే. విజయవాడలో చదివితే ఇబ్బంది లేదు, కృష్ణా, గుంటూరు కూడా మనతోపాటు ఆంధ్రా యూనివర్సిటీ పరిధిలోకే వస్తాయి.

ఆప్షన్లు పెట్టడం

ప్రాసెసింగ్ ఫీజు కట్టి రిజిస్టర్ అయ్యేటప్పుడు ఇచ్చే ఫోన్ నంబరు ఇంట్లో వాళ్లదే ఉండాలి, నెట్ సెంటర్ అబ్బాయిదో, కాలేజీ మనిషిదో కాదు. పాస్‌వర్డ్, ఓటీపీ ఎవరి దగ్గరుంటే సీటు వాళ్ల చేతిలో ఉన్నట్టే. "మీకెందుకండి శ్రమ, మా దగ్గర ఉచితంగా పెట్టిపెడతాం" అన్నచోట పది ఆప్షన్లూ ఒకే యాజమాన్యం కాలేజీలవే అయిపోతాయి. జూలైలో మా వీధి పిల్లలు నా దగ్గరికి వస్తే నేను పక్కన కూర్చుంటాను గానీ మౌస్ వాళ్ల చేతిలోనే పెడతాను.

ముందు నిరుటి చివరి ర్యాంకుల జాబితా దింపుకోండి. అందులో మీ కులం కాలమ్, బాలుర బాలికల కాలమ్ సరిగ్గా చూసుకోండి, చాలామంది ఓసీ బాలుర అంకె చూసి దిగులు పడిపోతారు. ర్యాంకులో ఈఏపీసెట్ మార్కులకి 75 శాతం, ఇంటర్ మార్కులకి 25 శాతం వెయిటేజీ ఇప్పటికే కలిసిపోయి ఉంటుంది, మళ్లీ లెక్కలు వేయక్కర్లేదు. ఇక ఒక తెల్లకాగితం తీసుకుని, వస్తుందా రాదా అని ఆలోచించకుండా, ఏది వస్తే ఎక్కువ సంతోషమో ఆ వరసలో రాయండి. మంచి కాలేజీని పైన పెడితే కిందది పోతుందన్న భయం వద్దు, కంప్యూటర్ పైనుంచి చూసుకుంటూ వచ్చి మీ ర్యాంకుకి అందిన మొదటిదాని దగ్గర ఆగుతుంది. నష్టమంతా ఆప్షన్లు తక్కువ పెట్టడం వల్లా, అక్కర్లేని కాలేజీని మొహమాటానికి పైన పెట్టడం వల్లా జరుగుతుంది. చేరడం ఇష్టం లేని కాలేజీని అసలు పెట్టకండి.

చివరి రోజు దాకా ఆగొద్దు. జూలైలో గోదావరి పెరిగిందంటే లంక ఊళ్లలో కరెంటు, సిగ్నల్ ఎప్పుడు పోతాయో తెలీదు. ఒకరోజు ఆప్షన్లు మార్చుకునే అవకాశం విడిగా ఇస్తారు, ఆ రోజు లాగిన్ అయి, మీరు పెట్టిన వరస అలాగే ఉందో లేదో చూసి ప్రింట్ తీసుకోండి.

సీటు వచ్చాక

అలాట్‌మెంట్ ఆర్డర్ దింపుకుని, ఆన్‌లైన్‌లో సెల్ఫ్ రిపోర్టింగ్ చేసి, గడువులోపు కాలేజీకి వెళ్లి కూడా రిపోర్ట్ చేయాలి. రెండింటిలో ఏది మరిచినా సీటు పోయినట్టే. రెండో విడతలో మళ్లీ ఆప్షన్లు పెడితే ఇప్పుడున్న దానికంటే నిజంగా మెరుగైనవే పెట్టండి, కొత్తది వచ్చిందంటే పాతది దానంతటదే రద్దవుతుంది, తర్వాత వద్దన్నా వెనక్కి రాదు. మిగిలిపోయిన సీట్లకి చివర్లో కాలేజీలోనే జరిగే స్పాట్ అడ్మిషన్లలో చేరితే రీయింబర్స్‌మెంట్ ఉండదని గుర్తుంచుకోండి.

చేరాక ఇంకోచోట సీటొచ్చి వదిలేయాల్సి వస్తే, తరగతులు మొదలవకముందే కాగితం మీద రాసిచ్చి రసీదు తీసుకోండి. ఏఐసీటీఈ నిబంధన ప్రకారం వెయ్యి రూపాయలకి మించకుండా పట్టుకుని మిగతా ఫీజు వెనక్కివ్వాలి, ఒరిజినల్ సర్టిఫికెట్లు ఆపకూడదు. "ఛైర్మన్ గారు ఊళ్లో లేరు, వచ్చే వారం రండి" అన్నారంటే అక్కడే కూర్చుని ఆ మాటే రాసిమ్మనండి. ఒరిజినల్స్ ఇచ్చే ముందు ప్రతిదానికీ మూడేసి జిరాక్సులు తీసి, ఫోన్లో స్కాన్ చేసి, అమ్మ ఫోన్లో కూడా ఒక కాపీ పెట్టుకోండి, స్కాలర్‌షిప్ దరఖాస్తుకి వాటితో మళ్లీ పనుంటుంది.